ఎల్డన్ కూచెరా తప్పని ఆటలు

ఎల్డన్ కూచెరా తన ఎర్ర స్వెట్టర్‌ని నాలుగు వారాలుగా ఉతకనివ్వడం లేదట. ఈ మాట అతని భార్య లవాన్ కంచె దగ్గర నిలబడి పక్కింటి ఫెర్న్ యెలినెక్‌తో అంటే, ఫెర్న్ వెళ్ళి రొట్టెల దుకాణంలో అందట. అక్కణ్ణించి మా దాకా రావడానికి ఒక పూట కూడా పట్టలేదు. "ఛాతీ మీద అరచెయ్యంత కాఫీ మరక. ఇటివ్వు, ఉతుకుతానంటే దాన్ని కావిలించుకుని వెళ్ళి మంచం మీద కూర్చున్నాడట మహానుభావుడు," అని కూడా చెప్పిందట ఫెర్న్.

ఆ రోజుల్లో ఎవరేం చేసినా అనుమానం జబ్బు మీదికే పోయేది. "వాసన తెలియడం లేదేమో, పరీక్ష చేయించండి," అన్నారు కొందరు. "డెబ్భై దాటాక మగాళ్ళకి మామూలే," అన్నారు ఆడవాళ్ళు. అసలు కారణం మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టి ఉంటే మా ఊరు అక్టోబరులో ఒక మంచి నవ్వు నష్టపోయేది.

కారణం ఫుట్‌బాల్, అంటే మా అమెరికాలో బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. నెబ్రాస్కాలో మా అంత చిన్న ఊళ్ళో దేనికైనా కారణం వెతికితే అక్కడికే వచ్చి ఆగుతుంది. మా హేవర్‌మన్ కాలేజీ జట్టు పేరు కంచరగాడిదలు. పక్క ఊళ్ళ కాలేజీలు పులులనీ గద్దలనీ పెట్టుకుంటే, మా పెద్దలు మాత్రం రైలు రాకముందు తమ ధాన్యం మోసిన జంతువుని మరిచిపోలేదు. అందుకే మావాళ్ళు బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళిన ప్రతిసారీ స్టేడియంలో ఉన్నవాళ్ళంతా లేచి, రెండు చేతులూ చెవుల పక్కన నిక్కబొడిచి, గొంతు చించుకుని ఓండ్ర పెడతారు. బ్యాంకు మేనేజరు పెడతాడు, పళ్ళ డాక్టరు పెడతాడు, చర్చి ఫాదర్ కూడా పెడతాడు. మా పిల్లలకి నడక కన్నా ముందు అదే వస్తుంది.

ఇంకో సంగతి ఉంది, గంట సంగతి. మైదానం మూల పాత రైలింజను ఇత్తడి గంట ఒకటి వేలాడుతుంటుంది. ఏటా నవంబరులో మా మైదానంలో జరిగే ఆఖరి ఆటకి ముందు దాన్ని ఒక్క మనిషే కొట్టాలి. అందరికంటే ఎక్కువ ఏళ్ళుగా, ఒక్క ఆట కూడా తప్పకుండా వచ్చిన మనిషి. దానికో పుస్తకం ఉంది. ఏడాది చివర ఎవరికి వారు వెళ్ళి "ఈ ఏడు ఒక్కటీ తప్పలేదు" అని సంతకం పెడతారు. సాక్షులు అక్కర్లేదు. మనిషి మాటే సాక్ష్యం. ఆ పుస్తకం ఫెర్న్ దగ్గర ఉంటుంది. కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయినా, పుస్తకం మాత్రం దిగనివ్వలేదు ఆవిడ.

ఇరవై రెండేళ్ళుగా ఆ గంట కొట్టింది ముసలి లియో సెడ్లచెక్. ఇరవై రెండేళ్ళుగా పుస్తకంలో రెండో పేరు మన ఎల్డన్‌ది. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో మొదలుపెట్టాడు. మూడో పేరు అతని బావమరిది, అంటే లవాన్ తమ్ముడు, డ్వేన్‌ది. ఏడాది ఆలస్యంగా డెబ్భై అయిదులో మొదలుపెట్టాడు. లియోకి జలుబు చేసినప్పుడల్లా ఎల్డన్ గిన్నెతో సూపు పట్టుకెళ్ళేవాడు. "పరామర్శకా బావా, పరిశీలనకా?" అని డ్వేన్ అడిగేవాడు. ఎల్డన్ సూపు ఒలకకుండా నడిచేవాడు.

ఆ ఏడు ఫిబ్రవరిలో లియో తొంభై మూడేళ్ళు నిండి, నిద్రలోనే పోయాడు. ఎల్డన్ సమాధి దగ్గర ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నేను చూశాను. ఇంటికి తిరిగి వెళ్తూ దారిలో ఇత్తడికి పాలిష్ పెట్టే డబ్బా ఒకటి కొన్నాడు. అదీ చూశాను.

మార్చి వచ్చింది, దాంతో కరోనా వచ్చింది. తక్కినది మీకు తెలుసు.

సెప్టెంబరులో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడు మా మైదానంలో ఆటలు రెండే. అయిదు వేల మంది పట్టే చోట నాలుగు వందల మందినే రానిస్తారు. ఆ నాలుగు వందలూ ఆడే పిల్లల అమ్మానాన్నలకే. ఊరివాళ్ళెవరూ రావద్దు. రాలేనివాళ్ళు ఒక ఫొటోతో యాభై డాలర్లు పంపిస్తే, నడుము దాకా అట్టబొమ్మ చేయించి వాళ్ళ వాళ్ళ కుర్చీల్లో నిలబెడతారు. ఆ బొమ్మల పని కూడా ఫెర్న్‌కే అప్పగించారు.

ఫెర్న్ రొట్టెల దుకాణం బయట, కార్లు ఆపే చోట తీర్పు చెప్పింది. లోపల బల్లలన్నీ తీసేశారు కాబట్టి ఆ రోజుల్లో మా ఊరి కబుర్లన్నీ ఎండలోనే జరిగేవి.

"ఎవరి కుర్చీలో వాళ్ళ అట్టబొమ్మ ఉంటే చాలు. పుస్తకంలో హాజరు పడ్డట్టే," అంది.

"అట్ట చూస్తుందా?" అన్నాడు ఎల్డన్.

"నువ్వు మాత్రం చూస్తావా బావా? సగం ఆట నుంచీ కునుకేగా," అన్నాడు డ్వేన్. చేతిలో ఆప్రికాట్ పెట్టిన కొలాచీ బన్ను, గడ్డం కింద మాస్కు.

"నోర్ముయ్యిరా. ఎవరు కునికేది? ఎనభై ఎనిమిదిలో ఆ వానలో కళ్ళు కూడా ఆర్పలేదు నేను."

మాకందరికీ తెలుసు, ఇక ఆపలేమని. ఎనభై ఎనిమిది ఆట ఎల్డన్‌కి కంఠతా వచ్చు. జోరువాన, మోకాలి లోతు బురద, ఆరు పాయింట్లు వెనకబడి ఉన్నాం, ఇరవై రెండో నంబరు కుర్రాడు బంతి చంకన పెట్టుకుని తొంభై ఎనిమిది గజాలు పరిగెత్తాడు. మధ్యలో బూటు బురదలో ఉండిపోయినా ఆగలేదు. నేను మొదటిసారి ఈ కథ విన్నప్పుడు బురద చీలమండల దాకానే ఉండేది. ఇన్నేళ్ళలో పైకి ఎక్కింది. కథ మొదలవగానే లవాన్‌కి పొయ్యి మీద ఏదో గుర్తొస్తుంది. డ్వేన్ కాఫీలో పంచదార సరిపోయిందో లేదో చూసుకుంటాడు. ఆ రోజు కాఫీ లేదు కాబట్టి కొలాచీ లోపలికి చూశాడు.

"అందుకని చెప్తున్నా," అని ముగించాడు ఎల్డన్. "ఆటకి వెళ్ళడమంటే కళ్ళతో చూడ్డం. అట్టలకి హాజరేంటి, సిగ్గులేకపోతే సరి."

"నాకు మోకాళ్ళ నొప్పులు. నా అట్టకి లేవు," అన్నాడు డ్వేన్. "నా తరఫున అది కూర్చుంటుంది. నేను మా ఇంట్లో కంప్యూటర్లో చూస్తా. అక్క మాంసం, చిక్కుడుగింజలు వేసి చిల్లీ వండుతుంది, దాల్చినచెక్క రొట్టెలు నేను తెస్తా. నువ్వూ రా."

"నేను రాను. ఆ రోజు చేపలకి వెళ్తున్నా," అన్నాడు ఎల్డన్.

నలభై ఆరేళ్ళుగా శనివారం ఆట ఉంటే గాలం ముట్టుకోని మనిషి చేపలకి వెళ్తానన్నా మాకు అనుమానం రాలేదు. పాపం, బాధ తట్టుకోలేక పోతున్నాడనుకున్నాం. మరుసటి వారమే అతను బొమ్మకి ఫొటో దిగాడు. నవ్వమంటే నవ్వలేదట. ఎర్ర స్వెట్టర్, దాని మీద కాఫీ మరక, తల మీద గోధుమరంగు టోపీ.

అక్టోబరు మొదటి శనివారం పొద్దున ఎల్డన్ గాలం, బకెట్టు ట్రక్కులో పడేసుకుని బయల్దేరాడు. లవాన్ గుమ్మంలోంచి, "మాస్కు పెట్టుకో," అంది. ఆవిడ ముసలివాళ్ళ ఆశ్రమంలో వంట చేస్తుంది. వారానికి రెండుసార్లు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేస్తారు. "నా ముక్కు ఇప్పుడు నాది కాదు, ఆ పుల్లలవాళ్ళది," అంటుండేది.

"చేపలకి అంటించను లేవే," అన్నాడు ఎల్డన్.

ట్రక్కు నది వైపు తిరగలేదు. మైదానం వెనక గేటు దగ్గర ఆగింది. అక్కడ గడ్డి కోసే మనిషి ఒకప్పుడు ఎల్డన్ దాణా మిల్లులో పనిచేసినవాడు. అతను తాళం తీసి, తనేమీ చూడలేదన్నట్టు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎల్డన్ తొమ్మిదో వరసకి ఎక్కి, తన కుర్చీలోంచి తన అట్టబొమ్మని ఊడబీకి, మడిచి, దాని మీద తనే కూర్చున్నాడు. ఎర్ర స్వెట్టర్, కాఫీ మరక, గోధుమరంగు టోపీ. ఫొటోలో మూతికి మాస్కు లేదు కాబట్టి తీసి జేబులో పెట్టుకున్నాడు. కుడిపక్క డ్వేన్ అట్టబొమ్మ పళ్ళికిలించి చూస్తోంది. ముందు వరసలో ఎవరిదో కుక్క బొమ్మ. ఎడమ పక్క లియో సెడ్లచెక్. ఆయన మనవలు పాత ఫొటో పంపించారు.

"నువ్వొచ్చావా?" అన్నాడట ఎల్డన్ ఆ బొమ్మతో. ఇది తర్వాత అతనే చెప్పాడు.

ఆట ఒంటిగంటకి. అంటే కదలకుండా ముందు నాలుగు గంటలు. పది గంటలకి గాలి లేచింది. అట్టబొమ్మలు ఒక్కొక్కటే వెనక్కి పడటం మొదలుపెట్టాయి. ఫెర్న్ వచ్చి వరస వరసా తిరుగుతూ లేపి నిలబెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిదో వరసకి వచ్చింది. డ్వేన్‌ని లేపి సరిచేసింది. లియో మీద దుమ్ము తుడిచి శిలువ గుర్తు వేసుకుంది. ఎల్డన్ ఊపిరి బిగబట్టాడు. మాస్కులోంచి వచ్చే ఆవిరికి ఫెర్న్ కళ్ళజోడు పాలగాజులా అయిపోయి ఉంది. రెండు చేతులూ ఎల్డన్ భుజాల మీద వేసి గట్టిగా ఊపి చూసింది.

"ఇదొక్కటి సరిగ్గా కట్టారు," అని ముందుకి వెళ్ళిపోయింది.

ఆట మొదలైంది. ఎదురుగా దూరంగా నాలుగు వందల మంది అమ్మానాన్నలు ఎడం ఎడంగా కూర్చున్నారు. ఈ పక్కంతా అట్టలు. ఎల్డన్‌ని మొదటి గంటన్నర కాపాడింది మా జట్టే. పది గజాలు కాదు కదా, ఆరు గజాలు కూడా వెళ్ళలేదు. బంతి చేతికి రావడం, మూడుసార్లు కిందపడటం, తన్నేసి ఊరుకోవడం. సగం ఆటకి ఇరవై ఏడు, సున్నా. ఎల్డన్ ముక్కు మీద కందిరీగ వాలింది. కదల్లేదు. పొద్దున తాగిన కాఫీ బయటికి పోతానంది. కదల్లేదు. విరామంలో ఇటుగా వచ్చిన ఎవరో పెద్దాయన చూసి, "ఆ స్వెట్టర్ ముసలాడి బొమ్మ భలే అచ్చుపడింది," అన్నాడు. గర్వంగా అనిపించింది గానీ అప్పుడూ కదల్లేదు.

అటు డ్వేన్ ఇంట్లో కంప్యూటరు ముందు లవాన్, డ్వేన్ చిల్లీ తింటూ చూస్తున్నారు. ఆట ఆగిన ప్రతిసారీ కెమెరా అట్టబొమ్మల మీదికి తిరుగుతోంది, చూపించడానికి ఇంకేం లేక.

"బావ బొమ్మ నా బొమ్మ కన్నా బావుందే," అన్నాడు డ్వేన్.

"నిజం మనిషి కన్నా బావుంది. నోరెత్తట్లేదు," అంది లవాన్.

మూడో భాగం సగంలో మావాళ్ళకి ఏం పట్టిందో, ఒక పొట్టి కుర్రాడు బంతి అందుకుని సందులోంచి దూరి పదకొండు గజాలు వెళ్ళిపోయాడు.

ఇక ఎల్డన్ చేతుల్లో లేదు. నలభై ఆరేళ్ళ అలవాటు తలకి చెప్పి చెయ్యదు. లేచాడు. రెండు చేతులూ చెవుల పక్కన నిక్కబొడిచాడు. నోరు తెరిచి, ఖాళీ మైదానం ఈ మూల నుంచి ఆ మూలకి మార్మోగేలా ఓండ్ర పెట్టాడు.

అయిదు వేల గొంతుల్లో ఒకటిగా అది ఎప్పుడూ ఎవరికీ వినబడలేదు. ఆ రోజు ఒంటరిగా వినబడింది. రెండు జట్లూ ఆగిపోయి చూశాయి. రెఫరీ ఈల నోట్లోంచి జారింది. ఆటని కంప్యూటర్లో చెబుతున్న మాటకారి, "అమ్మలారా అయ్యలారా, అట్టబొమ్మ లేచింది," అన్నాడు. డ్వేన్ చెంచా చిల్లీలో పడింది. లవాన్ తెరకి దగ్గరగా వంగి కాఫీ మరక చూసింది.

"చేపలు," అంది.

ఆపైన ఎదురుగా ఉన్న అమ్మానాన్నలు నాలుగు వందల మందీ లేచి చెవులెత్తి ఓండ్ర పెట్టారు. ఆ పొట్టి కుర్రాడి తండ్రి మైదానం చుట్టూ పరుగున వచ్చి, తొమ్మిదో వరసకి ఎక్కి, మాస్కు జారిపోయి ఉండగా ఎల్డన్‌ని కావిలించుకుని ఏడ్చాడు. మావాళ్ళు ఆ ఊపులో ఏడు పాయింట్లు చేశారు. నలభై ఒకటి, ఏడుతో ఓడిపోయారనుకోండి. ఆ ఏడు తన వల్లేనని ఎల్డన్ ఈనాటికీ అంటాడు.

ఆ కావిలింత వల్ల లవాన్‌ని ఆశ్రమంలో పది రోజులు పనికి రావద్దన్నారు. అదనంగా రెండుసార్లు ముక్కులో పుల్ల. ఇద్దరికీ ఏమీ రాలేదు. ఆ పది రోజుల్లో ఒక ముసలావిడ నూరో పుట్టినరోజు వచ్చిందట, ఆవిడకి కేకు చేస్తానని లవాన్ వేసవి నుంచీ మాటిచ్చి ఉంది. ఎవరో దుకాణంలో కొన్నది పెట్టారు. లవాన్ ఈ సంగతి ఎల్డన్‌తో అనలేదు. ఎర్ర స్వెట్టర్ మాత్రం ఉతికి, ఆరేసి, మడిచి అతని దిండు మీద పెట్టింది. మరక పోయింది.

రెండు వారాలు గడిచాక ఫెర్న్ పుస్తకం పట్టుకుని అందర్నీ తన ఇంటి ముందుకి పిలిచింది. సుద్దతో ఆరేసి అడుగులకి గీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో మడత కుర్చీ వేసింది. ఎల్డన్, లవాన్ ఒకచోట. డ్వేన్ ఇంకోచోట, చేతిలో కాఫీ. గోడ పక్కన నేనూ, ఇంకో నలుగురం, మాకు సంబంధం లేకపోయినా.

"కాలేజీవాళ్ళు నాలుగు చీవాట్లు పెట్టారు," అంది ఫెర్న్. "నాకూ పెట్టారు, చేతులు వేసి ఊపి కూడా కనిపెట్టలేదని. కానీ నవంబరు ఆటకి గంట కొట్టే మనిషిని ఒక్కణ్ణి లోపలికి రానిస్తామన్నారు. గేటులోంచి, మాస్కుతో. కాబట్టి తొందరగా తేల్చేద్దాం. ఎల్డన్, నీ అట్టబొమ్మ పేర హాజరు వేసేస్తున్నా. సంతకం పెట్టు."

"నా అట్ట కుర్చీలో లేదుగా," అన్నాడు ఎల్డన్.

"నీ కింద ఉందిగా. కుర్చీలో ఉన్నట్టే."

డ్వేన్ నవ్వాడు. ఎల్డన్‌కి అదే తగిలింది. సంతకం పెట్టి ఊరుకుంటే గంట అతనిదే. ఇరవై రెండేళ్ళ ఎదురుచూపు అక్కడ ఒక్క గీత దూరంలో ఉంది. కానీ చెవులెత్తిన దగ్గర్నుంచీ ఊరంతా తనని చూసి నవ్వుతోంది. ఆ నవ్వుని కాస్త అటు తిప్పాలనిపించింది.

"అట్ట హాజరు నాకొద్దు తల్లీ. 'స్వయంగా' అని రాయి. కళ్ళతో చూశాడని రాయి. అట్ట హాజరు అదుగో, ఆ పెద్దమనిషికి వెయ్యి. ఇంట్లో చిల్లీ తింటూ కూర్చున్న బాపతు."

"రాసెయ్ ఫెర్న్. నాకేం," అన్నాడు డ్వేన్.

"అలా ఎలా కుదురుతుంది?" అంది ఫెర్న్. "ఒకరికో రూలు, ఇంకొకరికో రూలా? కళ్ళతో చూస్తేనే హాజరు అంటే అందరికీ అదే."

"అందరికీ అదే! ఈ ఏడే కాదు, మొదటి నుంచీ అదే!" ఎల్డన్ కుర్చీలోంచి లేచాడు. "డెబ్భై నాలుగు నుంచీ పేజీలు తిప్పు. కళ్ళతో చూడకుండా నేను సంతకం పెట్టిన ఏడు ఒక్కటుంటే చూపించు. గంట ఇచ్చేస్తా. ఇదిగో, వీడికే ఇచ్చేస్తా."

డ్వేన్ కాఫీలోకి చూశాడు. పంచదార సరిపోయిందో లేదో.

"సంతకం పెట్టు బావా," అన్నాడు తల ఎత్తకుండా. "పెట్టి గంట కొట్టుకో. చలేస్తోంది, ఇళ్ళకి పోదాం."

"నువ్వుండరా. అడుగుతున్నానుగా. ఒక్క ఏడు. ఒక్క ఆట. ఎవరైనా చెప్పండి."

ఫెర్న్ పెన్ను మూత తీసి ఆగింది. లవాన్ పనిలేని ఆ పది రోజుల్లో మొదలుపెట్టిన అల్లిక ఒళ్ళోంచి తీసి, సూదులు రెండూ కలిపి దాంట్లో గుచ్చి, పక్కన పెట్టింది.

"ఎనభై ఎనిమిదిలో ఆ ఆట జరిగినంతసేపూ నువ్వు డ్వేన్ ట్రక్కులో తాగి పడి నిద్రపోయావు, ఎల్డన్. దుప్పటి కప్పింది నేనే."